ఆక్యుపంక్చర్ మీకు తగినదేనా: ఏ బాధకు, దేనికి బదులుగా, ఎన్నాళ్లపాటు

ఒంట్లో సన్నని సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్ మంచిదా కాదా అని అడిగేవారికి సరైన జవాబు దొరకకపోవడానికి కారణం జవాబు చెప్పేవారిలో కన్నా ప్రశ్నలోనే ఎక్కువగా ఉంది. ఏ బాధకు అన్నది ఆ ప్రశ్నలో లేదు, దేనితో పోల్చి అన్నదీ లేదు. నెలకు ఆరేడుసార్లు పార్శ్వపు తలనొప్పితో మంచం పట్టే మనిషికి చెప్పవలసిన జవాబు వేరు, మోకీళ్లు అరిగి మెట్లెక్కలేని మనిషికి చెప్పవలసినది వేరు, సంతానం కోసం చికిత్స పొందుతున్న దంపతులకు చెప్పవలసినది మరీ వేరు. ఈ ముగ్గురికీ ఒకే మాట చెప్పేవారు, అది పొగడ్త అయినా తెగడ్త అయినా, వారికి మేలు చేయడం లేదని నా నమ్మకం.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. మీ నొప్పికి కారణం ఏమిటో ఒక వైద్యుడు పరీక్షించి చెప్పారా? సూది నొప్పిని తగ్గించగలదేమో కాని కారణాన్ని కనిపెట్టలేదు. నడుము నొప్పితోపాటు మలమూత్రాల మీద పట్టు తప్పుతున్నా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కుతున్నా, కాళ్లలో బలం తగ్గుతున్నా, జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మునుపు ఎన్నడూ ఎరుగనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, యాభై ఏళ్లు దాటాక కొత్తరకం తలనొప్పి మొదలైనా, ఛాతీలో నొప్పి వచ్చినా వెళ్లవలసింది ఆసుపత్రికే. అలాంటి వేళ సూదుల కోసం గడిపిన వారం రోజులను తిరిగి తెచ్చుకోలేము. ఈ వ్యాసంలో ఇకపై చెప్పేదంతా రోగనిర్ధారణ అయినవారికి, ప్రమాదకరమైన కారణం లేదని తెలిసినవారికి మాత్రమే వర్తిస్తుంది.

అసలు జరిగేది ఏమిటి

ఆక్యుపంక్చర్‌లో వాడే సూదికి ఇంజెక్షన్ సూదిలా మధ్యలో రంధ్రం ఉండదు. అది తీగలాంటి సన్నని సూది, మందం సుమారు పావు మిల్లీమీటరు. ఒక విడతలో కొన్ని సూదులు గుచ్చి, ఇరవై నుంచి ముప్పై నిమిషాలు అలాగే ఉంచి తీసివేస్తారు. గుచ్చినప్పుడు చురుక్కుమనడం, ఆ తరువాత బరువుగానో లాగినట్టుగానో అనిపించడం మామూలే. కొందరు ఆ సూదులకు స్వల్పమైన విద్యుత్తును కూడా కలుపుతారు.

ఈ విధానం పుట్టిన చైనాలో సుమారు 2,000 ఏళ్ల కిందటి ‘హువాంగ్‌ది నెయ్‌జింగ్’ అనే వైద్యగ్రంథంలోనే దీని ప్రస్తావన ఉంది. శరీరంలో ‘చీ’ అనే శక్తి కొన్ని నాళాల వెంట ప్రవహిస్తుందని, ఆ ప్రవాహం అడ్డగింపబడితే రోగం వస్తుందని, నిర్ణీత స్థానాలలో సూది గుచ్చితే అడ్డు తొలగుతుందని సంప్రదాయం చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికం చేసిన అలాంటి స్థానాలు 361. శరీర నిర్మాణ శాస్త్రంలో మాత్రం ఆ నాళాల జాడ లేదు. సూది పొడుపు నరాలను ప్రేరేపించి వెన్నుపాములోను మెదడులోను నొప్పి సంకేతాలను తగ్గిస్తుందని, శరీరం తనంత తానుగా నొప్పిని తగ్గించే రసాయనాలను విడుదల చేస్తుందని ఆధునిక వివరణ. 2010లో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధన, సూది గుచ్చిన చోట నొప్పిని తగ్గించే అడెనోసిన్ అనే పదార్థం పెరగడాన్ని చూపింది. చీని నమ్మితేనే సూది పనిచేస్తుందనుకోవలసిన అవసరం లేదు. అలాగే రెండు వేల ఏళ్ల నుంచి ఉన్నది కాబట్టి పనిచేస్తుందనుకోవడానికీ వీలులేదు. పాతబడడం ఒక చికిత్సకు సాక్ష్యం కాదు.

పంటిపుల్ల చెప్పిన సంగతి

ఈ విషయంలో నిర్ణయం తీసుకోదలచినవారు అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవలసిన పరిశోధన 2009లో అమెరికాలో ప్రచురితమైంది. దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 638 మందిని నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి ఎవరి స్థితిని బట్టి వారికి ఎంచిన స్థానాలలో సూదులు గుచ్చారు. రెండవ వర్గానికి అందరికీ ఒకే స్థానాలలో గుచ్చారు. మూడవ వర్గానికి అసలు సూదే గుచ్చకుండా, సూదిని పట్టే గొట్టంలో పంటిపుల్లను పెట్టి చర్మాన్ని తాకించారు. నాలుగవ వర్గానికి మామూలు వైద్యం మాత్రమే సాగింది. ఎనిమిది వారాల తరువాత చూస్తే, మొదటి మూడు వర్గాలలోను దాదాపు 60 శాతం మందికి రోజువారీ పనులు చేసుకోవడంలో చెప్పుకోదగిన మెరుగుదల కనిపించింది. మామూలు వైద్యం పొందినవారిలో ఆ మెరుగుదల 39 శాతం మందికే దక్కింది.

దీనికి రెండేళ్ల ముందు జర్మనీలో 1,162 మందితో జరిగిన పరిశోధన కూడా ఇదే దారిలో నడిచింది. ఆరు నెలల తరువాత అసలు ఆక్యుపంక్చర్ పొందినవారిలో 47.6 శాతం మందికి, స్థానం కాని చోట లోతు లేకుండా గుచ్చిన నకిలీ చికిత్స పొందినవారిలో 44.2 శాతం మందికి, మందులు, వ్యాయామం మొదలైన మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మందికి గుణం కనిపించింది.

ఈ అంకెలను ఎలా చదువుకోవాలి? నకిలీకి, అసలుకు తేడా లేదు కాబట్టి ఇదంతా భ్రమ అని కొందరు అంటారు. మామూలు వైద్యం కన్నా ఎంతో మెరుగు కాబట్టి ఇది గొప్ప చికిత్స అని మరికొందరు అంటారు. ఇద్దరూ చూపేవి ఒకే అంకెలు. పోలిక మారితే తీర్పు మారుతున్నది, అంతే. మన భాషలో హస్తవాసి అనే మాట ఉంది. మందు ఒక్కటే అయినా ఒక వైద్యుని చేతి మీదుగా తీసుకుంటే త్వరగా నయమవుతుందని పెద్దలు ఆ మాటతో చెప్పేవారు. అరగంటసేపు ప్రశాంతంగా పడుకోబెట్టి, బాధను ఓపికగా విని, ఒళ్లు తాకి చేసే చికిత్సలో ఆ గుణం పాలు చాలా ఎక్కువగా ఉంటుందని ఈ పరిశోధనలు చెబుతున్నాయని నేను అర్థం చేసుకున్నాను. రోగికి కలిగిన ఉపశమనం నిజమైనదే. అయితే దాని నుంచి ఒక ఆచరణాత్మకమైన ఫలితం కూడా వస్తుంది: ‘ఈ రహస్య స్థానం నాకొక్కడికే తెలుసు, నా పద్ధతి వేరు’ అని చెప్పేవారి కోసం దూరాలు వెళ్లనక్కరలేదు. నడుము నొప్పి విషయంలో స్థానం ఎంపిక కన్నా శుభ్రత, ఓపిక ఉన్న చికిత్సకుడే ముఖ్యం.

స్థానానికి బొత్తిగా విలువ లేదని మాత్రం చెప్పలేము. 39 పరిశోధనలలోని 20,827 మంది రోగుల వివరాలను ఒక్కొక్కరివిగా కలిపి పరిశీలించిన 2018 నాటి విశ్లేషణలో, దీర్ఘకాలపు నొప్పుల విషయంలో అసలు సూది నకిలీ సూది కన్నా మెరుగే అని తేలింది. ఆ మెరుగుదల మాత్రం చిన్నది. చికిత్స లేకపోవడంతో పోల్చినప్పుడు కనిపించిన తేడా అంతకన్నా పెద్దది. కలిగిన ఉపశమనంలో ఏడాది తరువాత తగ్గిపోయినది సుమారు 15 శాతమేనన్నది ఆ విశ్లేషణలో నన్ను బాగా ఆకట్టుకున్న అంశం.

ప్రామాణిక సంస్థల సలహాలు పరస్పరం విరుద్ధంగా కనిపించడానికి కారణం కూడా ఇదే. బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి ఆక్యుపంక్చర్‌ను సూచించవద్దన్నది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో అదే నడుము నొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగిన వాటిలో దీనిని చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుము నొప్పికి షరతులతో కూడిన ఆమోదం తెలిపింది. నకిలీ సూదిని మించిన మేలు ఎంత అన్న ప్రశ్నకు బరువిచ్చినవారు వద్దన్నారు, రోగికి మొత్తం మీద కలిగే మేలుకు, హాని తక్కువగా ఉండడానికి బరువిచ్చినవారు సరేనన్నారు. మీ ఇంటి దగ్గర ఒక వైద్యుడు వద్దని, మరొకరు ప్రయత్నించమని చెబితే వారిలో ఒకరు అజ్ఞాని అనుకోకండి.

పార్శ్వపు తలనొప్పి: ఎంపికకు అర్హత ఎక్కువగా ఉన్న చోటు

నన్ను ఒక్క రోగం పేరు చెప్పమంటే మైగ్రేన్ పేరే చెబుతాను. 22 పరిశోధనలను, దాదాపు 5,000 మంది రోగులను పరిశీలించిన కాక్రేన్ సంస్థ సమీక్ష 2016లో వచ్చింది. తలనొప్పి వచ్చినప్పుడు మాత్రమే మందు వేసుకున్నవారిలో నూటికి 17 మందికి నొప్పి వచ్చే రోజులు సగానికి సగం తగ్గితే, ఆక్యుపంక్చర్ కూడా తోడైనవారిలో నూటికి 41 మందికి తగ్గాయి. నకిలీ సూదితో పోల్చిన పరిశోధనలలో ఆ సంఖ్యలు నకిలీకి 41, అసలుకు 50గా ఉన్నాయి. నివారణ కోసం రోజూ వేసుకునే మాత్రలతో నేరుగా పోల్చినప్పుడు మూడు నెలల తరువాత మాత్రల వర్గంలో 46 మందికి, సూదుల వర్గంలో 57 మందికి గుణం కనిపించింది. ఆరు నెలలు గడిచేసరికి ఆ తేడా 54, 59కి దగ్గరపడింది. అంటే, మాత్రలను మించిన అద్భుతం అని చెప్పలేకపోయినా, మాత్రలతో సమానంగా నిలబడే ప్రత్యామ్నాయం అని ధైర్యంగా చెప్పవచ్చు.

సమానమైనప్పుడు దేనిని ఎంచుకోవాలన్నది మాత్రల దుష్ప్రభావాలను బట్టి తేలుతుంది. నివారణకు తరచుగా రాసే ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు. టొపిరమేట్ గర్భస్థ శిశువుకు హాని చేయగలదు కాబట్టి గర్భం ధరించదలచిన స్త్రీలకు తగదు, మరికొందరిలో అది మాటలు తడబడేలా, ఆలోచన మందగించేలా చేస్తుంది. ఇలాంటి ఇబ్బందులు ఉన్నవారికి, మాత్రలు వాడి విసిగినవారికి ఆక్యుపంక్చర్ సహజమైన తరువాతి మెట్టు. నైస్ సంస్థ 2012లో ఇచ్చిన సలహా కూడా ఇలాంటిదే: ఆ రెండు మందులు పడనివారికి, లేదా వాటితో ఫలితం లేనివారికి, ఐదు నుంచి ఎనిమిది వారాలలో పది విడతల వరకు ఆక్యుపంక్చర్‌ను పరిశీలించమన్నది. ఇబ్బంది లేకుండా రోజుకొక మాత్రతో నొప్పి అదుపులో ఉన్నవారు దానిని మానుకుని వారం వారం సూదులకు తిరగడంలో అర్థం లేదు.

రెండు హెచ్చరికలు చేయాలి. ఇది నొప్పి రాకుండా చేసే చికిత్స. వచ్చిన నొప్పిని అప్పటికప్పుడు ఆపడానికి మీ మాత్ర మీకు ఉండవలసిందే. ఇక రెండవది, నెలలో పదిహేను రోజులు, అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు గాని, పది రోజులు, అంతకు మించి వచ్చిన మైగ్రేన్‌ను ఆపే ట్రిప్టాన్ మాత్రలు గాని వేసుకుంటున్నవారికి ఆ మాత్రల అతివాడకమే తలనొప్పికి కారణం కావచ్చు. ఆ స్థితిలో ముందుగా వైద్యుని పర్యవేక్షణలో ఆ వాడకాన్ని తగ్గించుకోవాలి. అది వదిలేసి సూదులు గుచ్చించుకుంటే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

తల చుట్టూ పట్టీ బిగించినట్టుండే ఒత్తిడి తలనొప్పి తరచుగా వచ్చేవారికి కూడా దాదాపు ఇదే సలహా వర్తిస్తుంది.

నడుము, మెడ, మోకీళ్లు

కొత్తగా పట్టిన నడుము నొప్పి చాలామందిలో కొన్ని వారాలలో దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. మొదటి పదిహేను రోజులలోనే సూదులకు వెళితే, ఎలాగూ తగ్గవలసిన నొప్పి తగ్గినందుకు మెప్పు సూదికి దక్కుతుంది, తరువాతి జీవితమంతా ప్రతి చిన్న నొప్పికీ అక్కడికే పరుగెత్తే అలవాటు మీకు మిగులుతుంది. కాబట్టి కొత్త నొప్పికి వీలైనంతగా నడుస్తూ, పనులు చేసుకుంటూ వేచి చూడడమే మంచి ఎంపిక.

మూడు నెలలు దాటిన నొప్పి విషయం వేరు. అక్కడ ఆక్యుపంక్చర్‌కు అసలైన పోటీ వ్యాయామం, ఫిజియోథెరపీ. ఈ రెండింటిలో ఒక్కదానికే వీలున్నవారు వ్యాయామాన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే నేర్చుకున్న వ్యాయామం మీ సొంతమవుతుంది, ఒకరి చేతి మీద ఆధారపడకుండా ఎప్పటికీ చేసుకోవచ్చు, నడుముతోపాటు గుండెకూ ఎముకలకూ మేలు చేస్తుంది. సూది చికిత్సలో మీరు చేయవలసింది పడుకోవడమే, అందుకే అది హాయిగా ఉంటుంది, అందుకే మీలో మార్పును మిగల్చదు. అయితే వ్యాయామం మొదలుపెట్టలేనంత నొప్పి ఉన్నవారు కొందరు ఉంటారు, వంగితే నొప్పి, వంగకపోతే బిగుతు. అలాంటివారికి సూదులు ఇచ్చే ఉపశమనం వ్యాయామానికి దారి తెరిస్తే రెండూ కలిసి పనిచేస్తాయి. చికిత్స పొందిన సాయంత్రమే కాస్త ఎక్కువ దూరం నడవగలిగితే ఆ సూదికి విలువ వచ్చినట్టు. దీర్ఘకాలపు మెడ నొప్పికీ ఇదే లెక్క.

నొప్పి మాత్రలతో పోల్చేటప్పుడు మీ వయసు, మూత్రపిండాలు, కడుపు లెక్కలోకి రావాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు దీర్ఘకాలం వాడితే కడుపులో పుండ్లు, రక్తస్రావం కలగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, రక్తపోటు పెరగవచ్చు. వయసు మళ్లినవారికి, పూర్వం కడుపులో పుండు ఉన్నవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వైద్యులు ఆ మాత్రలను వద్దంటారు. తక్కెడ ఆక్యుపంక్చర్ వైపు మొగ్గేది ముఖ్యంగా వీరి విషయంలోనే.

మోకీళ్ల అరుగుదలకు నేను అంత ఉత్సాహంగా సలహా ఇవ్వలేను. యాభై దాటిన 282 మందితో 2014లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో దీర్ఘకాలపు మోకాలి నొప్పికి నకిలీ చికిత్సను మించిన మేలు కనిపించలేదు. నైస్ సంస్థ 2022లో కీళ్ల అరుగుదలకు దీనిని సూచించవద్దన్నది. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, బరువు తగ్గడం, పైపూత మందు, ఈ మూడూ చేసి చూసిన తరువాత కూడా బాధ మిగిలి ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

సూదే అవసరం లేని చోట, సూది పనికిరాని చోట

శస్త్రచికిత్స తరువాత వచ్చే వికారానికి, వాంతులకు మణికట్టు లోపలి వైపు, మడత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైన ఉండే ‘నెయ్‌గ్వాన్’ అనే స్థానాన్ని ప్రేరేపిస్తే మేలు జరుగుతుందని 59 పరిశోధనలను పరిశీలించిన 2015 నాటి సమీక్షలో తేలింది. ఆ ప్రేరణకు సూదే కానక్కరలేదు, వేలితో నొక్కడం, ఆ చోట గుండీలా ఒత్తే పట్టీని కట్టుకోవడం కూడా పరిశోధనలలో వాడిన పద్ధతులే. కాబట్టి వికారం ఒక్కటే మీ సమస్య అయితే ఆక్యుప్రెషర్‌తో మొదలుపెట్టడం తెలివైన పని.

రొమ్ము క్యాన్సర్‌కు, ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోను తయారీని తగ్గించే అరోమటేజ్ నిరోధక మాత్రలు వాడే స్త్రీలలో కొందరికి కీళ్ల నొప్పులు ఎంతగా వస్తాయంటే ప్రాణాలను కాపాడే ఆ మాత్రలనే మానేయాలనిపిస్తుంది. 226 మందితో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో ఆ నొప్పులకు అసలు సూది, నకిలీ సూది కన్నా మెరుగని కనిపించింది, తేడా పెద్దది కాకపోయినా. మాత్ర మానకుండా సాగించడానికి అది తోడ్పడితే ఆ మేలు నొప్పి లెక్కను మించినది. ఇది క్యాన్సర్ వైద్యుని అనుమతితోనే జరగాలి. కీమోథెరపీ వల్ల తెల్ల రక్తకణాలు గాని ప్లేట్‌లెట్లు గాని బాగా తగ్గిన రోజులలో సూది గుచ్చించుకోకూడదు.

సంతానం కోసం ఐవీఎఫ్ చేయించుకుంటున్నవారికి ఆక్యుపంక్చర్‌ను జోడించమని చెప్పేవారు చాలామంది ఉన్నారు. 848 మంది స్త్రీలతో 2018లో వచ్చిన పరిశోధనలో బిడ్డ పుట్టినవారు అసలు చికిత్సలో 18.3 శాతం, నకిలీలో 17.8 శాతం. ఆశతో ఉన్నవారికి ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది, అయినా చెప్పకపోవడం అంతకన్నా తప్పు. మనసు నెమ్మదించడానికి వెళితే వెళ్లండి, బిడ్డ కోసమని వెళ్లవద్దు. మధుమేహం, అధిక రక్తపోటు, థైరాయిడ్, మూర్ఛ వంటివాటికి మందు ఆపి సూదులతో నయం చేస్తామనేవారి మాటను ఒక్క క్షణం కూడా వినవద్దు. ఇన్సులిన్ మీద బతికే మనిషి దానిని మానడం ప్రాణాపాయం.

ఇదే కోవకు చెందిన డ్రై నీడ్లింగ్‌ను గురించి కొందరు అడుగుతుంటారు. సూది ఒకటే, ఆలోచన వేరు. ఫిజియోథెరపిస్టులు చీ, నాళాలు అనకుండా, కండరంలో ముడిపడినట్టు గట్టిగా, నొక్కితే నొప్పి పుట్టేలా ఉన్న చోట నేరుగా గుచ్చుతారు. ఒక కండరానికి పరిమితమైన నొప్పికి, ఎలాగూ ఫిజియోథెరపీకి వెళుతున్నవారికి ఇది వీలుగా ఉంటుంది. గుచ్చేటప్పుడు, మరునాడు నొప్పి కాస్త ఎక్కువ.

హాని ఎంత, ఎవరు దూరంగా ఉండాలి

జర్మనీలో ఆక్యుపంక్చర్ పొందిన 2,29,230 మంది రోగుల అనుభవాలను సేకరించి 2009లో ప్రచురించారు. ఏదో ఒక దుష్ప్రభావాన్ని చెప్పినవారు 8.6 శాతం. వాటిలో ఎక్కువ భాగం చిన్నపాటి రక్తస్రావం, చర్మం కమిలిపోవడం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన సంఘటనలు రెండు. శిక్షణ పొందిన వైద్యుల చేతిలో లెక్క ఇది. శిక్షణ లేనివారి చేతిలో, సూదిని మళ్లీ మళ్లీ వాడేవారి చేతిలో ఇదే లెక్క ఉంటుందని భ్రమపడకూడదు. భుజం పైన, ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా గుచ్చిన సూది ఊపిరితిత్తిని తాకవచ్చు. చికిత్స తరువాత, అది కొన్ని గంటల తరువాతైనా సరే, ఆయాసం గాని ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు గాని వస్తే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి సూదుల సంగతి చెప్పాలి.

హీమోఫీలియా వంటి రక్తస్రావ వ్యాధి ఉన్నవారు దీనికి దూరంగా ఉండడమే మేలు. వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడేవారు ముందుగా తమ వైద్యుని అడగాలి. పేస్‌మేకర్ ఉన్నవారికి విద్యుత్తు కలిపిన సూదులు తగవు. గర్భిణులు గర్భం సంగతిని మొదటే చెప్పాలి, కొన్ని స్థానాలను ఆ సమయంలో వదిలేయడం చికిత్సకులు పాటించే నియమం. రోజుల తరబడి చెవిలో ఉంచే సూదులు ఇన్‌ఫెక్షన్‌కు దారితీయవచ్చు కాబట్టి గుండె కవాటాల జబ్బు ఉన్నవారికి, మధుమేహం అదుపులో లేనివారికి అవి వద్దు. సూదిని చూస్తేనే కళ్లు తిరిగేవారు పడుకునే చేయించుకోవాలి. భయం అంతకు మించితే మానేయడంలో తప్పేమీ లేదు, ఈ చికిత్స లేకపోతే గడవని జబ్బు ఏదీ లేదు.

చికిత్సకుని ఎంచుకోవడంలో నేను చూసేవి కొద్ది సంగతులే. ఒకసారి వాడి పారవేసే సూదుల ప్యాకెట్‌ను మీ కళ్లముందే తెరవాలి. సూది పెట్టేముందు మీ జబ్బులను, మందులను అడగాలి. శిక్షణ ఎక్కడ, ఎన్నాళ్లు పొందారని మీరు అడిగితే చిరాకు పడకుండా చెప్పాలి. ఎన్ని విడతలకు ఫలితం లేకపోతే ఆపేద్దామని అడిగినప్పుడు ఒక సంఖ్య చెప్పాలి. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మనిషిని పట్టిస్తుంది. ముప్పై విడతలకు ముందే డబ్బు కట్టమనేవారి దగ్గర, వైద్యుడు రాసిన మందులు ఆపమనేవారి దగ్గర, పూర్తిగా నయం చేస్తానని మాట ఇచ్చేవారి దగ్గర ఆగవద్దు.

పరీక్షకు గడువు పెట్టుకోవడం

నొప్పి భరించలేని స్థితికి చేరినప్పుడే మనం కొత్త చికిత్స వెతుక్కుంటాం. హెచ్చుతగ్గులున్న నొప్పి, పరాకాష్ఠకు చేరిన తరువాత ఏ చికిత్సా లేకున్నా కొంత దిగుతుంది. ఆ దిగడాన్ని సూది ఫలితమనుకోకుండా ఉండాలంటే మొదలుపెట్టేముందే రాసుకున్న లెక్క చేతిలో ఉండాలి. అత్యవసరం లేకపోతే నాలుగు వారాలపాటు రోజూ నొప్పిని పదికి ఎంతో గుర్తించండి, వేసుకున్న మాత్రలను లెక్కపెట్టండి, మీకు ముఖ్యమైన ఒక పనిని, అంటే అరగంట నడవడమో రాత్రంతా నిద్రపోవడమో, ఎంతవరకు చేయగలిగారో రాయండి. చికిత్స సాగే కాలంలో కొత్త మందును గాని, కొత్త వ్యాయామాన్ని గాని అదే వారంలో మొదలుపెట్టకండి, మేలు కలిగితే అది దేనివల్లో తెలియకుండా పోతుంది.

వారానికి ఒకటి రెండు విడతల చొప్పున ఆరు విడతలు పూర్తయ్యాక లెక్క తీయండి. నొప్పి మూడో వంతు వరకు తగ్గితే, లేదా తలనొప్పి రోజులు సగానికి దగ్గరగా తగ్గితే పది, పన్నెండు విడతల వరకు సాగించడం న్యాయమే. ఆరింటికీ ఏ కదలికా లేకపోతే ఆగిపోండి, ఏడోదానితో మలుపు తిరుగుతుందన్న మాటకు ఆధారం లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలపు నడుము నొప్పికి పాటిస్తున్న నియమం మనకూ పనికొస్తుంది: 90 రోజులలో 12 విడతలు, గుణం కనిపించినవారికే మరో 8, ఏడాదికి 20 దాటకూడదు.

తేలని స్థితి ఒకటి ఎదురవుతుంది. గుణం కనిపించింది, కాని సూదులు ఆపిన మూడు నాలుగు వారాలకే నొప్పి తిరిగి వచ్చింది. అప్పుడు విడతల మధ్య వ్యవధిని వారం నుంచి రెండు వారాలకు, తరువాత నెలకు పెంచి చూడండి. నెలకు ఒక విడతతో మాత్రలు తగ్గి, పనులు సాగుతుంటే అది మోయదగిన బరువే. వారం వారం వెళ్లకపోతే నొప్పి నిలవనివ్వడం లేదంటే మాత్రం, ఆ పూటను, ఆ ఖర్చును వ్యాయామానికో, నొప్పి నిపుణునితో మరొకసారి సంప్రదింపుకో మళ్లించి, మీరు రాసుకున్న ఆ లెక్కల కాగితాలను ఆయన ముందు పెట్టండి.